ఉమ్మడి స్థలం, ఇరుగుపొరుగు బాధ్యత: హైదరాబాద్ శివారు కాలనీల స్వచ్ఛంద సేవపై ఒక పరిశీలన

(ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాస పాఠం)

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928) స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి, నగర శివారు కాలనీల్లో ఉమ్మడి స్థలాలనూ సేవలనూ కనిపెట్టుకొని ఉండే స్వచ్ఛంద కార్యకర్తల పనిని విషయంగా ఎంచుకోవడానికి చారిత్రకమైన కారణం ఉంది. గోపాలకృష్ణయ్య పేరు తలచుకోగానే చీరాల–పేరాల ఉద్యమమూ రామదండూ గుర్తుకు వస్తాయి. అయితే ఆ ఉద్యమాన్ని సహాయ నిరాకరణ చరిత్రలో ఒక ఘట్టంగా చెప్పుకోవడమే అలవాటైనందువల్ల, మూలంలో అది ఒక పురపాలక వివాదమన్న సంగతి మరుగున పడిపోయింది. ఊరి వీధులు శుభ్రం చేసేదెవరు, దీపాలు వెలిగించేదెవరు, అందుకయ్యే ఖర్చును నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్నల మీద సాగిన పోరాటమది. ఆ ప్రశ్నలు నూరేళ్ల తరువాత హైదరాబాద్ చుట్టూ పెరిగిన కాలనీల్లో, వేరే భాషలో, వేరే కాగితాల మీద, మళ్లీ తలెత్తుతున్నాయి. ఇక్కడ ఉమ్మడి స్థలాలంటే ఏ ఒక్క కుటుంబానికీ సొంతం కాకుండా కాలనీ వాసులందరి వాడకానికి విడిచిన వీధులు, పార్కులు, ఆటస్థలాలు, వాననీటి కాలువలు, చెరువు గట్లు. ఉమ్మడి సేవలంటే తాగునీరు, మురుగు పారుదల, చెత్త సేకరణ, వీధి దీపాలు. స్వచ్ఛంద కార్యకర్త అంటే జీతం గానీ గౌరవ వేతనం గానీ లేకుండా వీటి బాగోగులు చూసే నివాసి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ల వ్యవస్థ దీనికి భిన్నమైనది. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంపై ప్రభుత్వ పథకాలను ఇంటింటికీ చేర్చడం అక్కడి వాలంటీరు పనిగా ఉండేది, ఇక్కడ చర్చకు వస్తున్న కార్యకర్త ప్రభుత్వానికి గాక తన వీధి వారికి జవాబుదారీ.

చీరాల, పేరాల, వాటిని ఆనుకొని ఉన్న చిన్న ఊళ్లు ఆనాటి గుంటూరు జిల్లాలో ఒక యూనియన్‌గా, అంటే పరిమితమైన పన్నులతో పరిమితమైన సేవలు అందించే స్థానిక సంస్థగా ఉండేవి. అందరినీ కలిపి చూస్తే జనాభా దాదాపు 15,000. వారిలో నేతపని వారే ఎక్కువ. మద్రాసు ప్రభుత్వం 1919 ప్రాంతంలో ఈ యూనియన్‌ను పురపాలక సంఘంగా మార్చడానికి పూనుకున్నప్పుడు, పన్నుల భారం అనేక రెట్లు పెరుగుతుందనీ, అందుకు తగిన సౌకర్యాలేవీ సమకూరవనీ ప్రజలు అభ్యంతరం చెప్పారు. విన్నపాలు ఫలించలేదు, ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు, అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు, అహింసాయుతంగా పన్నులు నిరాకరించడం, లేదా పురపాలక సరిహద్దులు దాటి వెళ్లిపోవడం అన్న రెండు దారులు చర్చకు వచ్చాయి. గోపాలకృష్ణయ్య రెండో దారిని ఎంచుకున్నారు. ఎండాకాలంలో వేలాది కుటుంబాలు ఇళ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసుకొని, రామ్‌నగర్ అన్న పేరుతో ఒక కొత్త ఊరిని నిలబెట్టుకొని, అందులో దాదాపు 11 నెలలు బతికాయి. ఆ ఊరికి కాపలాగా, సేవకులుగా నిలిచినవారు రామదండు సభ్యులు. విజయవాడలో 1921 వసంతంలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో సేవలందించిన దళం కూడా అదే. తగవులు తీర్చుకోవడానికి రామ్‌నగర్ వాసులు తమ పంచాయతీని తామే ఏర్పరచుకున్నారు. బరంపురంలో నిషేధాజ్ఞలను ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలుశిక్ష పడ్డాక, నిధులు లేక, అణచివేత తట్టుకోలేక, 1922లో జనం తిరిగి తమ ఇళ్లకు చేరుకున్నారు.

ఈ చరిత్ర నుంచి తీయదగిన అర్థాలు రెండు ఉన్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. నాయకత్వం, క్రమశిక్షణ, పరస్పర విశ్వాసం ఉంటే సామాన్య జనం, అందునా రోజువారీ కూలి మీద బతికే నేతగాళ్లు, ఒక ఊరిని తామే నడుపుకోగలరని రామ్‌నగర్ రుజువు చేసింది. అదే సమయంలో, రాబడికి చట్టబద్ధమైన ఆధారం లేని స్వచ్ఛంద వ్యవస్థ ఎంత గొప్పదైనా నాయకుడి స్వేచ్ఛ మీద, చందాల రాక మీద ఆధారపడి ఉంటుందనీ, ఆ రెండూ తెగిన రోజున అది నిలవలేదనీ కూడా రుజువు చేసింది. పురపాలక సంస్థకు బదులుగా స్వచ్ఛంద సేవను నిలబెట్టడం సాధ్యం కాదు. నివాసుల ఎరుకా అంగీకారమూ లేకుండా పురపాలక సంస్థ సక్రమంగా నడవడమూ సాధ్యం కాదు. శివారు కాలనీల స్వచ్ఛంద సేవను అర్థం చేసుకోవడానికి ఈ రెండు వాక్యాలనూ కలిపి చదవడం అవసరం, ఎందుకంటే ప్రభుత్వాలు మొదటి వాక్యాన్నీ, సంక్షేమ సంఘాలు రెండో వాక్యాన్నీ తరచుగా విస్మరిస్తున్నాయి.

హైదరాబాద్ శివార్లు ఒక్క పద్ధతిలో పెరగలేదు. నగరాభివృద్ధి సంస్థ (హుడా) 1975లో ఏర్పడడానికి ముందే ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, 1967లో ఈసీఐఎల్ వంటి ప్రభుత్వరంగ పరిశ్రమలు నగరానికి ఉత్తరాన, పడమర, ఈశాన్యాన వచ్చాయి. వాటి ఉద్యోగులు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, బ్యాంకు సిబ్బంది గృహనిర్మాణ సహకార సంఘాలుగా ఏర్పడి పొలాలు కొని ప్లాట్లుగా పంచుకోవడంతో ఎన్నో కాలనీలు పుట్టాయి. గృహనిర్మాణ మండలి కూకట్‌పల్లి వంటి చోట్ల పెద్ద కాలనీలను తానే కట్టింది. మిగిలిన చోట్ల రియల్ ఎస్టేట్ వ్యాపారులు గ్రామ పంచాయతీ ముద్రతో సరిపెట్టుకున్న లేఅవుట్లు వేశారు. లేఅవుట్ అంటే ఒక భూమిని ప్లాట్లుగా, వీధులుగా, ఉమ్మడి స్థలాలుగా విభజించి చూపే ఆమోదిత పటం. పరిశ్రమల టౌన్‌షిప్పులో నీరు, దీపం, రోడ్డు, చెట్టు అన్నీ యాజమాన్యమే చూసుకునే వాతావరణంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవారు, పదవీ విరమణ తరువాత సొంత ఇంటికి వచ్చేసరికి వీధిలో దీపం లేకపోవడం, మురుగు పోయే దారి లేకపోవడం చూశారు. ఫైలు నడిపించడం, వినతిపత్రం రాయడం, లెక్కలు పెట్టడం తెలిసిన ఈ తరమే అనేక కాలనీ సంక్షేమ సంఘాలకు వెన్నెముకగా నిలిచింది. సంక్షేమ సంఘమంటే సొసైటీల నమోదు చట్టం కింద నమోదైన నివాసుల సంస్థ. తెలంగాణ ప్రాంతంలో పాత సంఘాలు 1350 ఫసలీ నాటి చట్టం కింద, తరువాతివి 2001 చట్టం కింద నమోదయ్యాయి, కనీసం ఏడుగురు సభ్యులుంటే నమోదుకు చాలు. అపార్ట్‌మెంట్ యజమానుల సంఘానికీ దీనికీ ఉన్న తేడా చిన్నది కాదు. అపార్ట్‌మెంట్‌లో 1987 చట్టం ప్రకారం సంఘంలో సభ్యత్వమూ నిర్వహణ ఖర్చు చెల్లింపూ ఫ్లాటు యాజమాన్యంతో ముడిపడి ఉంటాయి. కాలనీలో మాత్రం ఎవరైనా చందా ఇవ్వనంటే ఇమ్మని బలవంతం చేసే అధికారం సంఘానికి లేదు, ఇవ్వని ఇంటి ముందు దీపం ఆర్పడానికీ వీలు లేదు. కాబట్టి కాలనీ సంఘం పూర్తిగా మాట సాయం మీద, మర్యాద మీద నడిచే సంస్థ.

ఈ సంఘాలు కాపాడిన వాటిలో అన్నిటికన్నా విలువైనవి పార్కు స్థలాలు. ఆ పని అన్నిటికన్నా తక్కువగా కనిపించేది కూడా. నియమాల ప్రకారం లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో సుమారు 10 శాతాన్ని ఉమ్మడి ఖాళీ స్థలంగా విడిచి, వీధులతో పాటు దాన్నీ స్థానిక సంస్థ పేరిట రిజిస్టర్డ్ దానపత్రం, అంటే గిఫ్ట్ డీడ్, ద్వారా అప్పగించాలి. ఆ దానపత్రం రిజిస్టరు కాకపోయినా, రిజిస్టరై పంచాయతీ కార్యాలయంలో కనబడకుండా పోయినా, పాత పట్టాదారు పేరు రెవెన్యూ దస్త్రంలో కొనసాగుతూనే ఉంటుంది. భూమి విలువ పెరిగిన రోజున అదే స్థలం కొత్త ప్లాట్ నంబరుతో అమ్ముడుపోతుంది, కొన్నవారు కంచె వేస్తారు, ఆ తరువాత వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టులో నలుగుతుంది. దీన్ని అడ్డుకోగలిగిన కాలనీల్లో సాధారణంగా కనిపించే క్రమం ఒక్కటే: ఆమోదిత లేఅవుట్ పటం ధ్రువీకృత నకలు తెచ్చుకోవడం, ఖాళీ స్థలం సర్వే నంబరును నిర్ధారించుకోవడం, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌తో, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టికతో, ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం, స్థలం చుట్టూ కంచె వేయించి బోర్డు పెట్టించడం, ఆ తరువాతే మొక్కలు నాటడం. మొక్కలు నాటే కార్యక్రమానికి ఫొటోలు ఉంటాయి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ముందు నిలబడిన మధ్యాహ్నాలకు ఉండవు. అయినా నేడు శివార్లలో పిల్లలు ఆడుకుంటున్న ఎన్నో స్థలాలు అలా నిలబడిన మనుషుల ఓపిక వల్ల మిగిలినవే, వారికి ఈ సమాజం రుణపడి ఉంది.

అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. 2007 చివరిలోనూ, తెలంగాణ ఏర్పడ్డాక 2015లోనూ, 2020లోనూ వచ్చిన ఈ పథకాల్లో, లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం విడవని పక్షంలో ప్లాటు యజమాని ఆ లోటుకు బదులుగా రుసుము చెల్లించాలన్న నిబంధన ఉంది. 2020 నిబంధనల్లో అది ప్లాటు విలువలో 14 శాతం. కొనుగోలుదారుల కష్టం చూస్తే క్రమబద్ధీకరణ అవసరమే కావచ్చు, కానీ దాని ఫలితాన్ని స్పష్టంగా చెప్పుకోవాలి. ఒక కాలనీకి రావలసిన పార్కు డబ్బుగా మారి ప్రభుత్వ ఖాతాకు చేరింది. ఆ డబ్బుతో అదే కాలనీ దగ్గర స్థలం కొని పార్కు చేయకపోతే, అక్కడి స్వచ్ఛంద కార్యకర్తకు కాపాడడానికి ఏ స్థలమూ మిగలదు. అటువంటి కాలనీల్లో పిల్లలు వీధుల్లోనో, ఇంకా ఇల్లు కట్టని ఎవరిదో ప్లాటులోనో ఆడుకుంటున్నారు.

సేవల విషయానికి వస్తే, స్వచ్ఛంద కార్యకర్తల పాత్రను వివరించడానికి ఎలినార్ ఆస్ట్రోమ్ (1933–2012) చేసిన పరిశోధన ఎంతో ఉపకరిస్తుంది. ఆర్థికశాస్త్రంలో 2009 నోబెల్ బహుమతి పొందిన ఆమె, చేపల రేవులు, పచ్చిక బయళ్లు, సాగునీటి కాలువల ఉమ్మడి నిర్వహణపై 1990లో వెలువరించిన గ్రంథం ద్వారా ప్రసిద్ధురాలైనప్పటికీ, అంతకు ముందు 1970 నుంచి అమెరికాలోని ఇండియానాపొలిస్ నగర శివార్లలో పోలీసు సేవలను పరిశీలించింది. పెద్ద నగర విభాగం కన్నా చిన్న శివారు విభాగాలే నివాసులకు మెరుగైన సేవలు అందించగలుగుతున్నాయని, సంస్థ ఎంత పెద్దదైతే అంత సమర్థమైనదన్న నాటి నమ్మకానికి విరుద్ధంగా, ఆ అధ్యయనంలో తేలింది. దీని నుంచే ఆమె, ఆమె సహచరులు 'సహోత్పత్తి' అన్న భావనను రూపొందించారు: భద్రత, పారిశుద్ధ్యం, విద్య వంటి సేవలను ఉద్యోగి తయారుచేసి పౌరుడికి అందించడు, ఇద్దరూ కలిసి తయారుచేస్తారు, ఒకరి పాలు లేకపోతే రెండోవారి పాలు వృథా అవుతుంది.

చెత్త సేకరణలో ఈ భావన ఎలా పనిచేస్తుందో శివారు కాలనీల్లో ప్రతి ఉదయం చూడవచ్చు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 ప్రకారం తడి చెత్తనూ పొడి చెత్తనూ ఇంట్లోనే వేరు చేయించే బాధ్యతను స్థానిక సంస్థతో పాటు నివాసుల సంక్షేమ సంఘాల మీద కూడా పెట్టారు. హైదరాబాద్‌లో 2015 నుంచి స్వచ్ఛ ఆటోలు వస్తున్నాయి, రెండు రంగుల బుట్టలు ఇంటింటికీ అందాయి. అయితే ఆటో వచ్చే వేళ మారినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన మనిషి, రాత్రి ఖాళీ ప్లాటులో చెత్త సంచి విసిరే ఇంటివారితో గొడవ పడకుండా మాట్లాడగల మనిషి వీధికి ఒకరు లేకపోతే ఆ బుట్టలు నీళ్లు పట్టుకోవడానికో, బియ్యం పోసుకోవడానికో పోతాయి. తాగునీటి విషయమూ అంతే. నగర నీటి సరఫరా, మురుగు పారుదల చూసే జలమండలి 1989లో ఏర్పడింది, కృష్ణా నీరు 2004లో నగరానికి చేరింది, శివార్లకు పైపులు ఆ తరువాత ఎన్నో ఏళ్లకు గాని రాలేదు; అంతవరకు బోర్లు, ట్యాంకర్లే ఆధారం. ట్యాంకరు ఏ వీధిలో మొదట ఆగాలి, ఒక్కో ఇంటికి ఎన్ని బిందెలు, మంచం పట్టిన పెద్దవారున్న ఇంటికి ఎవరు మోసిపెట్టాలి అన్న వరుసలను కాలనీల్లో ఆడవాళ్లే నిర్ణయించి అమలుచేశారు. పైపులు వచ్చాక కూడా వాల్వు తిప్పే లైన్‌మన్ ఏ రోజు ఎంతసేపు నీళ్లు వదిలాడో గుర్తుంచుకొనేది వారే. సంక్షేమ సంఘాల అధ్యక్ష, కార్యదర్శి పదవుల్లో మాత్రం వారు చాలా అరుదుగా కనిపిస్తారు, పని చేసేవారికీ సంతకం చేసేవారికీ మధ్య ఉన్న ఈ దూరం సంఘాల లోపాల్లో మొదట చెప్పుకోదగినది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సహోత్పత్తిలో నివాసి పాలు కంటిచూపు, సమాచారం, క్రమశిక్షణ, నలుగురినీ ఒప్పించడం. చేతిపని పాలు జీతం తీసుకునే కార్మికులది, దాన్ని వారికి తగిన వేతనంతో, చేతి తొడుగులతో, సెలవులతో చేయించడం స్థానిక సంస్థ బాధ్యత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమం నుంచి ఇప్పటి వరకు, శ్రమదానానికి పిలుపునిచ్చే ప్రతి ప్రభుత్వ కార్యక్రమంలోనూ ఈ గీత చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఏడాదికొక ఆదివారం నాలుగు వీధులు ఊడ్చిన నివాసికి తన కాలనీ మీద మమకారం పెరగడం మంచిదే, కానీ ఆ మమకారాన్ని చూపి పారిశుద్ధ్య సిబ్బందిని తగ్గించడం తగదు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా పూడిన మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. త్వరగా పని కావాలన్న ఆత్రంతో సంఘమే ఒక కూలీని పిలిపించి డబ్బిచ్చి అలా దింపితే, ఆ నేరంలో సంఘానికీ పాలు ఉంటుంది. స్వచ్ఛంద సేవకు ఉండవలసిన హద్దుల్లో ఇది ప్రాణానికి సంబంధించినది.

చెరువుల దగ్గర స్వచ్ఛంద సేవ అన్నిటికన్నా క్లిష్టమైన పరీక్షను ఎదుర్కొంటుంది. హైదరాబాద్ శివార్లలోని చెరువులు గొలుసుకట్టుగా, అంటే పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేలా, సాగు కోసం తవ్వినవి. ప్రతి ఊరిలోనూ తూము తెరిచి మూసే, ఏ మడికి ఎంత నీరో పంచే, కట్టకు బుంగ పడితే ఊరిని పిలిచే మనిషి ఒకడుండేవాడు. అతణ్ణి నీరడి అంటారు, పండిన పంటలో అతనికి వంతు ఉండేది. ఆయకట్టు పొలాలు ప్లాట్లుగా మారినప్పుడు పంటతో పాటు నీరడి వంతూ పోయింది, వంతుతో పాటు నీరడీ పోయాడు. ఆ తరువాత కట్ట మీద నడిచే, మత్తడి చూసే, కాలువలో అడ్డం తీసే పని ఏ ఒక్కరిదీ కాకుండా పోయింది; రెవెన్యూ శాఖకు శిఖం భూమి, అంటే చెరువు మునక భూమి, నీటిపారుదల శాఖకు కట్ట, నగరపాలక సంస్థకు పార్కు, జలమండలికి మురుగు పైపు అన్నట్టు అది ముక్కలుగా పంచబడింది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతలో పల్లె చెరువు పొంగి, కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగినప్పుడు, కొత్త తరానికి గొలుసుకట్టు అన్న మాట అర్థమైంది.

స్వచ్ఛంద కార్యకర్తలు ఇప్పుడు చేస్తున్నది ఒక విధంగా నీరడి పనిని పంట వంతు లేకుండా చేయడం. పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, ఎక్కడుందో పటంలో చూసి నేల మీద గుర్తించడం ఇందులో మొదటి పని. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు లేని బఫర్‌గా ఉండాలన్నది 2012 నాటి భవన నియమాల్లోని నిబంధన. కొన్నిచోట్ల ఈ పని ఇంకా ముందుకు వెళ్లింది. మణికొండ దగ్గరి నెక్నాంపూర్ చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ 2018లో తేలియాడే మొక్కల తెప్పను ఏర్పాటు చేసింది. వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కల వేళ్లు నీటిలోకి దిగి, వాటిని అంటిపెట్టుకొని పెరిగే సూక్ష్మజీవుల సాయంతో మురుగులోని నత్రజని, భాస్వరం లవణాలను పీల్చుకుంటాయి, దానివల్ల గుర్రపుడెక్కకు ఆహారం తగ్గుతుంది. ఇది నిజంగా మెచ్చుకోదగిన ప్రయత్నం. అయితే పై కాలనీల నుంచి శుద్ధి చేయని మురుగు వచ్చి పడుతూనే ఉంటే ఏ తెప్పా చాలదు; మురుగును మళ్లించే పైపు, శుద్ధి కేంద్రం వేయగలిగేది ప్రభుత్వ సంస్థలే. కార్యకర్తలు ఏళ్ల తరబడి నీటి రంగు, వాసన, చనిపోయిన చేపల తేదీలు రాసి ఉంచిన పుస్తకం ఆ పైపును సాధించడానికి ఆధారమవుతుంది, అధికారులు మారినా ఆ పుస్తకం మారదు.

ఈ సేవను కొనియాడేటప్పుడు దాని వెలుపల నిలిచిపోయిన వారిని మరిచిపోవడం న్యాయం కాదు. సంక్షేమ సంఘాల నియమావళుల్లో సభ్యత్వం సాధారణంగా ఇంటి లేదా ప్లాటు యజమానులకే పరిమితం. అద్దెకుండేవారు అదే నీటిని తాగి, అదే వీధిలో నడిచి, అద్దె రూపంలో ఆస్తిపన్నులో భాగం భరిస్తూ కూడా సమావేశంలో ఓటు లేనివారుగా ఉంటున్నారు. కాలనీ పక్కనే ఉన్న బస్తీ నుంచి ఇళ్లలో పనికి వచ్చే స్త్రీ, మధ్యాహ్నం పార్కు చెట్టు కింద అన్నం తినబోతే గేటు తాళం వేసి ఉంటుంది. ఇస్త్రీ బండి, కూరగాయల తోపుడు బండి ఆక్రమణలుగా ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కుతాయి, రోడ్డు మీదికి జరిపి కట్టిన ఇంటి మెట్లు ఎక్కవు. ఢిల్లీ ప్రభుత్వం 2000లో మొదలుపెట్టిన భాగీదారీ కార్యక్రమంలో గుర్తింపు పొందిన కాలనీల సంఘాలకే ప్రధానంగా చోటు దక్కిందనీ, మురికివాడలూ అనధికార కాలనీలూ ఆ చర్చలకు దూరంగా ఉండిపోయాయనీ సామాజిక శాస్త్రవేత్తలు విమర్శించారు. ఆ విమర్శ హైదరాబాద్‌కూ వర్తిస్తుంది. ఉమ్మడి స్థలాన్ని ఆక్రమణదారు నుంచి కాపాడిన సంఘమే దాన్ని పేదవాడికి మూసివేస్తే, అది యజమానుల సామూహిక ఆస్తిగా మారిపోతుంది. ప్రజాధనంతో నడిచే, స్థానిక సంస్థ పేరిట ఉన్న పార్కుకు ఎవరు రావచ్చో నిర్ణయించే హక్కు ఏ సంఘానికీ లేదు.

కాబట్టి ప్రశ్న చివరికి ప్రాతినిధ్యం దగ్గరికి చేరుతుంది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణంలో నిర్దేశించింది. కేంద్రం 2005లో ప్రారంభించిన నగర పునరుద్ధరణ పథకం ఇంకొక మెట్టు కిందికి దిగి, ఏరియా సభ అన్న అంచెను సూచించింది. ఒకటి లేదా కొన్ని పోలింగ్ కేంద్రాల పరిధిలోని ఓటర్లందరూ సభ్యులుగా ఉండే సభ అది, గ్రామంలో గ్రామసభ ఎలాగో నగరంలో అది అలాగ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇందుకోసం చట్టసవరణ జరిగింది. కానీ ఆచరణలో వార్డు కమిటీలు నామినేషన్లతో నిండాయి, ఏరియా సభలు కాగితం దాటి జీవితంలోకి రాలేదు. ఈలోగా స్థానిక సంస్థల పరిమాణం పెరుగుతూ పోయింది. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి మొదలైన 12 శివారు పురపాలక సంఘాలు హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దాని 67 లక్షల జనాన్ని అప్పటి 150 డివిజన్లకు పంచితే ఒక్కో కార్పొరేటర్‌కు సుమారు 45,000 మంది వచ్చేవారు. 1921లో చీరాల–పేరాల మొత్తానికి ఇది మూడు రెట్లు. 2025 చివరిలో బయటి వలయ రహదారి వరకు ఉన్న మరో 27 పురపాలక సంస్థలను కూడా కలపాలన్న నిర్ణయం వచ్చింది. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ఆ పట్టణాల్లో వార్డుకు నాలుగు చొప్పున, యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో వేరువేరు కమిటీలు ఉండాలి. జీహెచ్ఎంసీ ఆ చట్టం పరిధిలోనిది కాదు. పెద్ద రోడ్లు, మురుగు శుద్ధి, వరద కాలువల వంటి పనులకు పెద్ద సంస్థ కావాలన్న వాదనలో బలం ఉంది. చెరువుల గొలుసుకు ఒక్క కాలనీ సరిహద్దు చాలదు. కానీ దీపం వెలగని స్తంభం, కంచె విరిగిన పార్కు, వేళ తప్పిన నీరు ఆ ఎత్తు నుంచి కనిపించవు.

ఏరియా సభకు కొత్త ఓటర్ల జాబితా అక్కర లేదు. పోలింగ్ కేంద్రం జాబితాలో యజమానీ, ఆ కేంద్రంలో ఓటు నమోదైన అద్దెదారూ, బస్తీ వాసీ ఒకే వరుసలో ఇప్పటికే ఉన్నారు. జీహెచ్ఎంసీ 2023 జూన్‌లో 150 వార్డుల్లోనూ వార్డు కార్యాలయాలు తెరిచి, వేర్వేరు శాఖల సిబ్బందిని ఒకే చోట కూర్చోబెట్టే ఏర్పాటు చేసింది. ఆ సిబ్బంది మూడు నెలలకొకసారి, ముందుగా ప్రకటించిన తేదీన, లేఅవుట్ పటం, పార్కుల దానపత్రాల నకళ్లు, నీటి విడుదల వేళల రిజిస్టరు, పారిశుద్ధ్య కార్మికుల హాజరు పట్టీ తీసుకొని పోలింగ్ కేంద్రమున్న బడిలోనే సభ ముందు కూర్చొని, అడిగినవారందరికీ చూపించి, వచ్చిన అభ్యంతరాలను రాసుకొని, తరువాతి సభకు జవాబు తేవాలి. ఇన్నేళ్లుగా విడివిడిగా నోటుపుస్తకాల్లో తేదీలు రాసుకుంటూ వచ్చిన కార్యకర్తలు ఆ సభలో తమ పుస్తకాలను రిజిస్టర్ల పక్కన పెట్టి సరిచూడగలరు.